నమూనా పత్రంలో లేని గడి

రానున్న జనగణనలో కులాన్ని కూడా లెక్కించాలని 2025 ఏప్రిల్ 30న కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. అంతకుముందే, 2024 నవంబరులో, తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి సర్వే మొదలుపెట్టింది. అప్పటి నుంచి చర్చంతా రిజర్వేషన్ల శాతాల చుట్టూ, చట్టసభల సీట్ల చుట్టూ తిరుగుతోంది. లెక్క తేలితేనే వాటా తేలుతుందన్న వాదన న్యాయమైనదే. అయితే వాటా అనగానే మనకు ఉద్యోగం, భూమి, అధికారం గుర్తుకొస్తాయి. ఈ సమాజం తయారుచేసే విషంలో ఎవరి వాటా ఎంత? ఎవరి రక్తంలో సీసం చేరుతోంది, ఎవరి నరాల మీద పురుగుమందు పనిచేస్తోంది, ఎవరి ఊపిరితిత్తుల్లోకి మురుగు వాయువు వెళుతోంది? ఈ లెక్కను అడిగేవారు లేరు. దానిని తేల్చగల శాస్త్రం మాత్రం మన ముంగిట, సికింద్రాబాద్ పరిసరాల్లోనే, దశాబ్దాలుగా సాగుతోంది. ఆ శాస్త్రం మనకు చెప్పిందేమిటో, దాని నమూనా పత్రంలో నేటికీ లేని గడి ఏమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ వైపు సాగే దారిలో తార్నాక, హబ్సిగూడల మధ్య దేశంలోనే పేరెన్నికగన్న పరిశోధన సంస్థలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. 1944లో నిజాం రాజ్యంలో మొదలై, 1956లో సీఎస్ఐఆర్‌లో చేరి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరు మార్చుకున్న ప్రయోగశాల అక్కడే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ అక్కడే ఉంది. 1977లో పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో ఏర్పడిన సీసీఎంబీ ఆ దారిలోనే ఉంది. పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం. రైలు పట్టాలు దాటి గంటసేపు నడిస్తే లాలాగూడ, అడ్డగుట్ట బస్తీలు వస్తాయి. నేను అడ్డగుట్టలో పెరిగాను.

అక్కడికి రాకముందు మా నాయన నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లో ఒక పటేలు దగ్గర జీతగాడు. పత్తి చేనుకు మందు కొట్టడం ఆయన పని. మూతికి తువ్వాల చుట్టుకొని, వీపున పంపు మోసుకొని, గాలివాటం చూసుకుంటూ సాళ్ల వెంట నడిచేవాడు. నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదేవాడు. డబ్బా మూత తీసి నీళ్లలో కలిపేటప్పుడు కర్ర దొరక్కపోతే చెయ్యే కర్ర. సాయంత్రానికి తల తిరిగేది, చొంగ కారేది, చూపు మసకబారేది. ‘మందు వాసన పడలేదు’ అని మజ్జిగ తాగి పడుకునేవాడు. ఆ చేను ఆయనది కాదు. పంట ఆయనది కాదు. మందు కొనే డబ్బు ఆయనది కాదు. ఆ మొత్తం సేద్యంలో ఆయన వాటాకు వచ్చింది ఎండ్రిన్ తుంపరలే. ఊళ్లో ఆ పని ఎవరిదో ఎవరూ రాసిపెట్టలేదు. అయినా మాదిగవాడలో వెతికితేనే పంపు మోసేవాడు దొరుకుతాడని అందరికీ తెలుసు.

ఆ సాయంత్రాల్లో మా నాయన శరీరంలో జరిగిందేమిటో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదివేటప్పుడు గానీ నాకు తెలియలేదు. నరానికీ కండరానికీ మధ్య సందేశాన్ని మోసే అసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని, దాని పని పూర్తికాగానే ఒక ఎంజైము విడగొట్టేస్తుంది. దాని పేరు అసిటైల్‌కోలినెస్టరేజ్. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఆ ఎంజైమును పట్టి బంధిస్తాయి. అప్పుడు సందేశం ఆగదు. చెమట, చొంగ, కన్నీరు ఆగవు. కంటిపాప సూదిమొనంత అవుతుంది. కండరాలు అదురుతాయి. మోతాదు పెరిగితే ఊపిరాడించే కండరాలే నిలిచిపోతాయి. ఎండ్రిన్, ఎండోసల్ఫాన్ వంటివి వేరే తెగవి. అవి నరాలను మరో దారిలో ఉద్రేకపరిచి ఫిట్స్ తెప్పిస్తాయి. మా ఊళ్లో దానికి పేరు ‘వాసన పడకపోవడం’. శాస్త్రంలో దానికి పేరు విషప్రభావం.

ఈ శాస్త్రాన్ని ఈ నేల మీద నిలబెట్టినవారిలో ప్రొఫెసర్ కైసర్ జమీల్ పేరు ముందువరసలో ఉంటుంది. ఆమె వద్ద నేను చదువుకోలేదు, ఆమె పరిశోధన పత్రాల పాఠకుడిని మాత్రమే. భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో సుదీర్ఘకాలం పనిచేసి, ఆ తర్వాత హైదరాబాద్‌లోని మహావీర్ వైద్య పరిశోధన కేంద్రంలో జన్యుశాస్త్ర విభాగాన్ని నడిపి, అనంతరం సికింద్రాబాద్ బుద్ధభవన్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత అధ్యయన సంస్థలో పరిశోధన కొనసాగించిన శాస్త్రవేత్త ఆమె. వర్ధమాన దేశాల మహిళా శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంస్థకు అధ్యక్షురాలిగానూ వ్యవహరించారు. ఒక శాస్త్రవేత్త జీవితకాలపు పరిశోధన ఎలా అంచెలంచెలుగా సాగుతుందో తెలుసుకోవడానికి ఆమె కృషి మంచి ఉదాహరణ.

తొలి అంచె నీరు. హుస్సేన్ సాగర్ ఒడ్డున తిరిగిన ప్రతివారికీ గుర్రపుడెక్క తెలుసు. అది నీటిలోని భార లోహాలను పీల్చుకుంటుంది. ఆ మొక్కను తినే ఒక ముక్కుపురుగు ఉంది. మొక్కలో చేరిన లోహం పురుగులోకి ఎలా ప్రవేశిస్తుంది, అక్కడ దాని జీవక్రియను ఎలా మారుస్తుంది అనే అంశాలపై జమీల్, ఆమె సహచరులు 1990ల ఆరంభంలో పత్రాలు ప్రచురించారు. నీటిలోని విషం నీటిలో ఉండిపోదని, ఒక ప్రాణి నుంచి మరో ప్రాణికి చేతులు మారుతుందని ఈ తరహా అధ్యయనాలు నిరూపించాయి. కాలుష్యాన్ని పరికరంతో మాత్రమే కాక ప్రాణుల శరీరాలతోనే కొలవవచ్చునన్న ఈ భావన మీద, అంటే జీవసూచికల మీద, ఆమె 2001లో ఒక గ్రంథమే వెలువరించారు.

రెండవ అంచె మనిషి రక్తం. 2004లో వెలువడిన పత్రంలో ఆమె బృందం మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, డైమిథోయేట్, ఎండోసల్ఫాన్‌లను మానవ రక్తంలోని లింఫోసైట్ కణాలపై పరీక్షించింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ప్రొఫెనోఫాస్‌ను, మందుల మిశ్రమాలను కూడా పరిశీలించింది. ఈ పేర్లలో ఏదీ పల్లెకు కొత్తది కాదు. మిశ్రమాల ఎంపికను ప్రత్యేకంగా గమనించాలి. ప్రమాణాల పుస్తకాలు ఒక్కో మందుకు ఒక్కో హద్దు గీస్తాయి గానీ, కూలీ పంపులో రెండు మూడు మందులు కలిసే ఉంటాయి. మూడవ అంచె జన్యువు. విషాలను విడగొట్టే ఎంజైముల జన్యువుల్లో మనిషికీ మనిషికీ ఉండే చిన్న తేడాలకూ, క్యాన్సర్ల ముప్పుకూ మధ్య సంబంధాన్ని ఆమె బృందం వెతికింది. చెరువు నుంచి కణానికి, కణం నుంచి జన్యువుకు సాగిన ఈ ప్రయాణంలోనే పర్యావరణ విషశాస్త్రం, అణుజీవశాస్త్రం ఒకదానితో ఒకటి కలిశాయి.

కణంలోని గాయాన్ని కంటితో చూపించే పద్ధతిని 1988లో నరేంద్ర పి. సింగ్ బృందం మెరుగుపరిచింది. దానిని కామెట్ పరీక్ష, అంటే తోకచుక్క పరీక్ష అంటారు. రక్తకణాలను గాజు పలక మీద పలుచని జెల్లో పరిచి, కణపు పొరను కరిగించి, విద్యుత్తు ప్రవహింపజేస్తారు. డీఎన్ఏ చెక్కుచెదరకుండా ఉంటే గుండ్రని చుక్కలా నిలిచి ఉంటుంది. తెగి ఉంటే ముక్కలు విద్యుత్తు వెంట కొట్టుకుపోయి తోకలా కనిపిస్తాయి. తోక ఎంత ఉంటే గాయం అంత. పురుగుమందుల తయారీలో పనిచేసే కార్మికుల రక్తంలో ఈ తోకలు ఇతరులకంటే పొడవుగా ఉన్నాయని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకే చెందిన పరంజిత్ గ్రోవర్ బృందం 2003లో ప్రకటించింది. ‘కూలోళ్లకు అలవాటే, వాళ్లకేం కాదు’ అన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన జవాబు ఉండదు. శరీరం విషానికి అలవాటు పడదు, దాన్ని భరిస్తుందంతే.

1990లలో నేను కూడా ఒక ప్రయోగశాలలో రెండేళ్లు ప్రాజెక్టు సహాయకుడిగా పనిచేశాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. రక్తనమూనాలకు అంకెలు వేయడం, పలకలు తయారుచేయడం, ప్రతి దాతకూ ఒక పత్రం నింపడం నా పని. ఆ పత్రంలో వయసు, లింగం, బరువు, పొగతాగే అలవాటు, మద్యం, మాంసాహారమా శాకాహారమా, వృత్తి, ఆ వృత్తిలో ఎన్నేళ్లు అనే గడులు ఉండేవి. కులం గడి లేదు. శాస్త్రం కులాన్ని పట్టించుకోదని నేను అప్పట్లో సంబరపడ్డాను కూడా. ఎందుకంటే అదే భవనంలో చేరిన మొదటి వారంలోనే ‘ఇంటిపేరేమిటి? ఏ ఊరు? ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?’ అని ముగ్గురు వేర్వేరు మనుషులు నన్ను అడిగారు. మనుషులు అడిగే ప్రశ్నను పత్రం అడగకపోవడం గౌరవంగా తోచింది.

ఆ గౌరవం వెనుక ఉన్న లోపం కొన్నాళ్లకు గానీ తెలిసిరాలేదు. ఇటువంటి అధ్యయనంలో విషానికి గురైన బృందం ఒకటి, గురికాని బృందం మరొకటి ఉండాలి. రెండోదాన్నే కంట్రోల్ గ్రూపు అంటారు. ఆరోగ్యవంతులను, ఏ రసాయనానికీ గురికానివారిని కొందరిని తీసుకురమ్మని మా పైఅధికారి నాకు చెప్పారు. నాకు తెలిసినవాళ్లంతా అడ్డగుట్టవాళ్లే. వెళ్లి చూస్తే ఒకరు మురుగు కాలువలు తీసేవారు, ఒకరు బ్యాటరీల దుకాణంలో సీసం కరిగించేవారు, ఒకరు పెయింటు పని, ఒకరు తోళ్ల గోదాములో పని. బస్తీ మొత్తం గాలించినా ‘గురికాని’ మనిషి నాకు దొరకలేదు. చివరకు కార్యాలయ సిబ్బంది, పరిశోధక విద్యార్థులు తమ రక్తం ఇచ్చారు. పోలిక పూర్తయింది. వయసు సరిపోయింది, పొగతాగే అలవాటు సరిపోయింది. రెండు బృందాల మధ్య ఉన్న అసలు తేడా మాత్రం ఆ పత్రంలో ఎక్కడా నమోదు కాలేదు.

ఇది కేవలం మనోభావాల సమస్య కాదు, శాస్త్రీయ సమస్య. ఫోలేట్ లోపించిన శరీరంలో డీఎన్ఏ తేలిగ్గా తెగుతుంది. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల పేగులు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. తరతరాల అర్ధాకలి, చిన్ననాటి నీరు, ఇల్లున్న చోటు, పని మొదలుపెట్టిన వయసు, ఇవన్నీ విషప్రభావాన్ని పెంచే అంశాలే. మన దేశంలో ఈ నాలుగింటినీ ఒకే దారంతో కట్టే వ్యవస్థ కులమే. ఆ గడిని వదిలేస్తే, గాయంలో మందు వాటా ఎంత, ఆకలి వాటా ఎంత అన్నది తేలదు. వృత్తి గడి ఉంది కదా అనవచ్చు. వృత్తి ఒక మనిషి ఇవాళ చేసే పని మాత్రమే. కులం ఆ మనిషి పుట్టకముందు నుంచీ పోగుపడిన చరిత్ర. మా నాయన విషయంలో వృత్తి మారింది, మందు పంపు పోయి మురుగు కాలువ వచ్చింది. మారనిది ఒక్కటే.

ఇంతకూ మన జీవశాస్త్రానికి కులం తెలియదా? బాగా తెలుసు. 2009లో సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్‌లు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనంలో 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను కులాలు, తెగల పేర్లతోనే విశ్లేషించారు. 2013లో 73 సమూహాలపై వచ్చిన తరువాతి అధ్యయనం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు ఈ దేశంలో జనం విస్తృతంగా కలిసిపోయారని, ఆ తర్వాత అంతర్వివాహాలు ఆ కలయికను మూసివేశాయని తేల్చింది. కులం అనాదిగా లేదనీ, ఒకనాడు మొదలైందనీ జన్యువులే సాక్ష్యం చెప్పిన సందర్భమది. అందుకు ఆ శాస్త్రవేత్తలకు మనం రుణపడి ఉన్నాం.

ఈ పరిశోధనల్లోనే మరొక ఉదాహరణ ఉంది. మన తెలుగు వైశ్యుల్లో కొందరికి బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము పుట్టుకతోనే లోపిస్తుంది. అటువంటివారికి శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తే చాలాసేపు ఊపిరి తిరిగిరాదు. ఈ సంగతి తెలిసినందువల్ల మత్తు వైద్యులు ముందే జాగ్రత్తపడగలుగుతున్నారు, ప్రాణాలు నిలుస్తున్నాయి. ఇది కులం గడి వల్ల కలిగిన మేలు, హర్షించదగ్గది. అయితే పురుగుమందు కొట్టేవారి రక్తంలో విషప్రభావాన్ని అంచనా వేయడానికి కొలిచేదీ ఈ ఎంజైమునే. ఒక కులంలో జన్యువు వల్ల తగ్గిన ఎంజైము వైద్యగ్రంథాలకు ఎక్కింది. మరికొన్ని కులాల్లో సేద్యపు పని వల్ల ప్రతి సీజనులో తగ్గే అదే ఎంజైము ఏ కులపు లెక్కలోకీ ఎక్కలేదు. వంశాన్ని వెతికేటప్పుడు కులాన్ని అడిగే శాస్త్రం, హానిని కొలిచేటప్పుడు మౌనం వహిస్తోంది. నా అభ్యంతరమంతా ఈ మౌనం మీదే.

రక్తమిచ్చినవారిని మరిచిపోయే అలవాటు ఈ ఊళ్లో పాతదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ సైనిక ప్రాంతాన్ని ఆనుకున్న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ భవనానికి నేడు ఆయన పేరే ఉంది. ఆ దోమలు తాగిన రక్తం హుస్సేన్ ఖాన్ అనే రోగిది. కుట్టించుకున్న ఒక్కో దోమకు అతనికి దక్కింది ఒక అణా. రాస్ గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. పైగా అతని పేరును తన రాతల్లో మిగిల్చింది రాసే. మా పత్రాల్లోని దాతలకు ఆ పాటి పేరు కూడా లేదు, అంకె మాత్రమే ఉంది. గోప్యత కోసం అంకె అవసరమే. కానీ తన రక్తంలో ఏం తేలిందో ఆ మనిషికి తిరిగి చెప్పిన సందర్భం ఆ రెండేళ్లలో నేను ఒక్కటీ చూడలేదు.

మురుగు కాలువల సంగతి చూస్తే కులం గడి ఎందుకు అవసరమో మరింత తేటపడుతుంది. మ్యాన్‌హోల్లో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. గాలిలో పది లక్షల వంతుల్లో సుమారు వంద వంతులకు చేరగానే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వెయ్యి వంతులకు చేరితే క్షణాల్లో మనిషి కూలిపోతాడు. కణం ఆక్సిజన్‌ను వాడుకునే చిట్టచివరి మెట్టు దగ్గర ఉండే ఎంజైమును అది స్తంభింపజేస్తుంది. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు 2014లో పది లక్షలు, 2023లో ముప్పై లక్షల రూపాయల పరిహారాన్ని సుప్రీంకోర్టు ఖరారు చేసింది. తెలుగు మాట్లాడే దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. 2024లో వెల్లడైన కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం, వివరాలు సేకరించిన సుమారు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు. అందులో ఎస్సీలే 69 శాతం. గడి ఉంది కాబట్టే ఈ సత్యం బయటపడింది. అదే గడి పిచికారీ కూలీల సర్వేలో, పటాన్‌చెరు వ్యర్థజలాల పక్కన బతికేవారి సర్వేలో, చెత్త ఏరేవారి సర్వేలో ఎందుకు ఉండకూడదు?

పటాన్‌చెరు పేరు ఊరికే తీసుకోలేదు. అక్కడి మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ నీటిలోని బ్యాక్టీరియా గురించి, అవి మందులకు లొంగకుండా మారడం గురించి ఆ తర్వాత ఎన్నో పత్రాలు వచ్చాయి. ఆ నీటి పక్కన గేదెలు కాసినవారు, నాట్లు వేసినవారు ఎవరన్న ప్రశ్న ఆ చర్చలో వెనుకబడిపోయింది.

అమెరికాలో ఈ ప్రశ్నను ముందుకు తెచ్చినవారు నల్లజాతీయులు. 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో విషపూరిత వ్యర్థాల గోతిని తమ మధ్య తవ్వవద్దని వారు రోడ్ల మీద పడుకున్నారు. 1987లో ఒక క్రైస్తవ సంఘపు జాతి న్యాయ విభాగం దేశవ్యాప్తంగా లెక్కతీసింది. ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు ఎక్కడ ఉంటాయో చెప్పడంలో ఆదాయం కంటే జాతే బలమైన సూచిక అని తేలింది. పర్యావరణ న్యాయం అనే భావన విశ్వవిద్యాలయాల్లో విషయంగా స్థిరపడటానికి ఆ లెక్కే పునాది. అక్కడి జనగణనలో జాతి గడి లేకపోతే ఆ లెక్క సాధ్యమయ్యేదే కాదు. మనకు ఆ అవకాశం ఇప్పుడు వచ్చింది.

దీనిపై ఒక బలమైన అభ్యంతరం ఉంది, దానిని తోసిపుచ్చలేం. ఆరోగ్య పత్రాల్లో కులాన్ని చేరిస్తే, రేపు ఎవరో ‘ఈ కులపు రక్తమే బలహీనం’ అంటారు, లేదా ‘ఈ కులానికి విషాన్ని తట్టుకునే శక్తి ఉంది’ అంటారు. రెండూ ప్రమాదకరమే. అందుకే ఈ గడిని ఏ అర్థంలో వాడాలో మొదటే స్పష్టపరచాలి. విషశాస్త్రంలో కులం జన్యువుకు మారుపేరు కాకూడదు. అది ఒక సామాజిక పరిస్థితి. పొగతాగిన ఏళ్లను ఎలా లెక్కిస్తామో, వివక్షకు గురైన ఏళ్లను కూడా అలాగే లెక్కించాలి. దాత స్వచ్ఛందంగా, తన భాషలో అర్థం చేసుకొని అంగీకరిస్తేనే ఆ వివరం నమోదు కావాలి. ఆ వివరంతో ఏం చేస్తారో నిర్ణయించే బల్ల దగ్గర ఆ సమూహాల మనుషులు కూడా ఉండాలి.

బల్ల దగ్గర ఎవరున్నారన్నదే మిగిలిన ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర, సాంకేతిక విభాగాల్లో పరిశోధన చేసే, నడిపించే పోస్టులకు, గ్రూప్-ఎ తొలి అంతస్తు దాటిన తర్వాత, రిజర్వేషన్ నుంచి మినహాయింపునిచ్చే ఉత్తర్వు 1975 నుంచీ ఉంది. కేంద్రీయ విద్యాసంస్థల అధ్యాపక నియామకాలపై 2019లో వచ్చిన చట్టం కూడా కొన్ని పరిశోధన సంస్థలను పక్కన పెట్టింది. ‘ప్రతిభ’ అనే ఒక్క మాటతో ఈ మినహాయింపులు నిలుస్తున్నాయి. ఫెలోషిప్‌లు వచ్చాయి, మా పిల్లలు ప్రయోగశాలల గడప దాటారు, నిజమే. కానీ పలకలు తయారుచేసేవాడు ప్రశ్న తయారుచేసే స్థానానికి చేరడానికి మధ్యలో ఎన్ని మెట్లు విరిగి ఉన్నాయో ఈ నగరానికి తెలుసు. సైన్సు రచయిత కావాలని కలగన్న రోహిత్ వేముల 2016 జనవరి 17న ఈ నగరంలోనే మనకు దూరమయ్యాడు. అడ్డగుట్టలో పెరిగిన మనిషి ఆ పత్రాన్ని రూపొందించి ఉంటే, కంట్రోల్ గ్రూపు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న మొదటి రోజే వచ్చి ఉండేది. ప్రయోగశాలలో ప్రాతినిధ్యం ఎవరికో చేసే దయ కాదు. అది పరిశోధన నాణ్యతకు సంబంధించిన షరతు.

చేయవలసిన పనులు ఆకాశంలో లేవు. పురుగుమందులు పిచికారీ చేసే కూలీలకు సీజను ముందు ఒకసారి, మధ్యలో మరోసారి కోలినెస్టరేజ్ రక్తపరీక్ష జరపాలి. కాలిఫోర్నియా 1974 నుంచే ఈ పని చేయిస్తోంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు కొట్టిన 20 మందికి పైగా చనిపోయి, వందల మంది ఆసుపత్రుల పాలైన తర్వాత కూడా మనం ఆ పని మొదలుపెట్టలేదంటే అది డబ్బు లేకపోవడం వల్ల కాదు. తెలంగాణలో 2017 నుంచి షెడ్యూల్డు కులాలు, తెగల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం అమల్లో ఉంది. ఆ నిధిలో ఒక భాగాన్ని తార్నాక, హబ్సిగూడ సంస్థలకే ఇచ్చి, కూలీల, పారిశుద్ధ్య కార్మికుల శరీరాల్లో చేరుతున్న విషాన్ని సామాజిక వివరాలతో సహా లెక్కింపజేయవచ్చు. ప్రతి దాతకూ తన ఫలితం తెలుగులోనో ఉర్దూలోనో చేతికి అందాలి. పరిశోధన పోస్టుల మినహాయింపులను పునఃపరిశీలించాలి. ఇవి అసాధారణ కోరికలు కావు.

మా నాయన యాభై ఎనిమిదో ఏట చనిపోయాడు. చివరి నాలుగేళ్లు ఆయన చేతులు వణికేవి, చాయ గ్లాసు రెండు చేతులా పట్టుకొనేవాడు. అది ఎండ్రిన్ వల్లనా, మురుగు వల్లనా, వయసు వల్లనా అని నన్నడిగితే చెప్పలేను. ఒక్క మనిషి విషయంలో ఏ విషశాస్త్రజ్ఞుడూ చెప్పలేడు. వేల మందిని లెక్కించినప్పుడే ఆ జవాబు దొరుకుతుంది. ఆసుపత్రిలో చేర్చినప్పుడు చీటీ రాసిన యువ వైద్యురాలు ఆయనను మర్యాదగానే పలకరించింది. పేరు, వయసు, ఊరు అడిగింది. ‘పెద్దాయనా, ఏం పని చేస్తావు?’ అంది. ‘ఇప్పుడేం చేస్తలేను బిడ్డా’ అన్నాడు. ఆమె వృత్తి దగ్గర అడ్డగీత గీసింది.

(వ్యాసకర్త విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు)